కొండల ఎత్తుకు లెక్క నేర్పిన లాంబ్టన్
రెండు శతాబ్దాల నాటి కొలతలకు లేజర్ కిరణాలతో సవరణ

గుంటూరు: నరసరావుపేట సమీపంలోని కోటప్పకొండ ఎత్తు 1,587 అడుగులని తరచూ ముద్రితమవుతూ ఉంటుంది. కొండవీటి దుర్గం ఎత్తు మాత్రం ఒక్కో గ్రంథంలో ఒక్కో విధంగా కనిపిస్తుంది. శిఖరాగ్రాన్ని కొలిచారా, కోటగోడను కొలిచారా, సముద్రమట్టం నుంచి లెక్కించారా, కింది పొలాల నుంచి లెక్కించారా అన్నదానిపై అంకె మారిపోతుంది. ఈ చిక్కును శాస్త్రీయంగా విప్పేందుకు దక్షిణ భారతంలో తొలిసారి విస్తృతంగా పూనుకున్న వ్యక్తి విలియం లాంబ్టన్.

ఒంటి కంటి సైనికుడు
ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో 1750వ దశకంలో ఒక సామాన్య కుటుంబంలో లాంబ్టన్ జన్మించారు. గణితంలో ప్రతిభ చూపి సైన్యంలో చేరారు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పాల్గొని 1781లో యార్క్‌టౌన్ వద్ద బందీ అయ్యారు. అనంతరం కెనడా ప్రాంతంలో సర్వే పనుల్లో ఉండగా సూర్యగ్రహణాన్ని పరిశీలిస్తూ ఒక కంటి చూపు పోగొట్టుకున్నారు. జీవితాంతం దుర్భిణిలో చూసి కోణాలు కొలవవలసిన మనిషికి మిగిలింది ఒక్క కన్నే.

1796లో ఆయన భారతదేశానికి వచ్చారు. 1799లో శ్రీరంగపట్నం ముట్టడి సమయాన ఒక రాత్రి ఆంగ్ల సేన దారి తప్పి టిప్పు శిబిరం వైపు సాగుతుండగా, నక్షత్రాలను బట్టి దిక్కు గుర్తించి సేనానిని హెచ్చరించినది లాంబ్టనే. యుద్ధం ముగిశాక ద్వీపకల్పం అంతటినీ త్రిభుజాలుగా కొలవాలన్న ప్రతిపాదనను ఆయన ప్రభుత్వం ముందుంచారు. పన్నులకు, సైన్యాల కదలికకు పటాలు కావాలన్నది కంపెనీ అవసరం. భూగోళపు ఆకారాన్ని కనుగొనాలన్నది లాంబ్టన్ ఆశయం.

మద్రాసులో తొలి గీత
1802 ఏప్రిల్, మే నెలల మండుటెండలో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ వద్ద ఏడున్నర మైళ్ల ఆధారరేఖను ఆయన కొలిచారు. వంద అడుగుల ఉక్కు గొలుసును దాదాపు 400 సార్లు వేయవలసి వచ్చింది. వేడికి ఉక్కు సాగుతుంది గనుక ప్రతిసారీ ఉష్ణోగ్రతను నమోదు చేసి ఆ మేరకు సవరణ చేశారు. ఒక భుజం తెలిస్తే చాలు, కోణాలతో మిగిలిన భుజాలను లెక్కగట్టవచ్చు. ఆ దూరం తెలిశాక, శిఖరం వైపు చూపు ఎంత పైకి లేస్తున్నదో కొలిస్తే ఎత్తు తేలుతుంది. అయితే భూమి వంపును, గాలిలో కాంతి వంగే తీరును కూడా లెక్కలో కలపాలి. కొండల ఎత్తుల్లో తేడాలు రావడానికి ముఖ్య కారణం ఈ రెండోదే.

ఇంత ఖర్చు ఎందుకన్న విమర్శ ఆనాడే వచ్చింది. పల్లకీ బోయీలకు ఊరి పేరు చెబితే చాలదా అని ఒక అధికారి ఎగతాళి చేసినట్లు ప్రతీతి. బెంగళూరు వద్ద లెక్క ప్రకారం వచ్చిన పొడవును తిరిగి గొలుసుతో కొలిచి చూడగా ఏడు మైళ్ల రేఖకు తేడా నాలుగు అంగుళాలు కూడా లేదు. పైగా, పాత పటాల్లో 400 మైళ్లుగా చూపిన ద్వీపకల్పపు వెడల్పు నిజానికి 360 మైళ్లేనని రుజువైంది. ఎగతాళికి అదే సమాధానమైంది.

తెగిన తాడు
1808లో తంజావూరు ఆలయ గోపురం పైకి ఎక్కిస్తుండగా తాడు తెగి, సుమారు అర టన్ను బరువున్న థియోడొలైట్ గోడకు కొట్టుకొని దెబ్బతిన్నది. దానితో పని ముగిసినట్టేనని అందరూ భావించారు. లాంబ్టన్ ఆరు వారాలపాటు దానితోనే గడిపి, వంగిన వలయాన్ని అంగుళమంగుళంగా సరిచేసి తిరిగి పనిలో పెట్టారు.

1811లో అనంతపురం ప్రాంతపు గుత్తి వద్ద మరో ఆధారరేఖ కొలిచారు. 1815 నాటికి కృష్ణానదికి దక్షిణాన ఉన్న భూభాగం దాదాపుగా త్రిభుజాల వలలో చేరింది. నేటి గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాలు ఆ భాగంలోనివే. కొండలపై జెండాలు నిలిపిన ఖలాసీల, బరువులు మోసిన కూలీల పేర్లు మాత్రం చరిత్రకెక్కలేదు. హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన లాంబ్టన్ ఉత్తరానికి సాగుతూ, పత్తి వ్యాపారానికి పేరొందిన హింగన్‌ఘాట్‌లో 1823 జనవరిలో కన్నుమూశారు. బాధ్యతను సహాయకుడు జార్జ్ ఎవరెస్ట్ స్వీకరించారు.

తుది అంకె లేదు
ఎవరెస్ట్ పేరు పొందిన శిఖరం ఎత్తును 1856లో 29,002 అడుగులుగా ప్రకటించారు. 1950వ దశకంలో అది 8,848 మీటర్లకు, 2020లో 8,848.86 మీటర్లకు సవరణ పొందింది. లాంబ్టన్ స్వదేశమైన ఇంగ్లండులో నేడు లైడార్ దత్తాంశంతో కొండల ఎత్తులను తిరిగి లెక్కిస్తున్నారు. విమానం నుంచి పంపిన లేజర్ కిరణం నేలను తాకి తిరిగివచ్చే కాలాన్ని బట్టి దూరం తెలుస్తుంది. చెట్ల సందుల నుంచి నేలను తాకిన కిరణాలను వేరుచేసి అసలు ఎత్తును గ్రహిస్తారు. అయినా ఉపగ్రహాల ఆధారంగా వచ్చే ఎత్తును సముద్రమట్టానికి మార్చుకోక తప్పదు. దక్షిణ భారతంలో ఈ రెండింటి తేడా పదుల మీటర్లలో ఉంటుంది.

ఇది పండితుల వినోదం కాదు. నాగార్జునసాగర్ కుడి కాలువ నీరు నేల వాలును నమ్ముకునే పత్తి, మిరప చేలకు చేరుతుంది. ఎత్తు లెక్క తప్పితే చివరి చేనుకు నీరందదు. కొలిచినదాన్ని మళ్లీ కొలవడానికి సంకోచించని లాంబ్టన్ పద్ధతి ఈ మైదానాలకు నేటికీ అవసరమే.