బళ్ళారి వెలిగించిన నాటక దీపం – ధర్మవరం రామకృష్ణమాచార్యులు

'ఆంధ్ర నాటక పితామహుడు'గా తెలుగువారు కొనియాడే ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు 1853లో ధర్మవరంలో జన్మించారు. ఆనాటికి అనంతపురం జిల్లా లేదు. 1882లో బళ్ళారి జిల్లాను విభజించి దానిని ఏర్పరచారు. అందువలన ఆయన పుట్టింది బళ్ళారి జిల్లాలోనే, స్థిరపడింది బళ్ళారి పట్టణంలోనే. ఇంటిలో తెలుగు, అంగడిలో కన్నడం, కచేరీలో ఇంగ్లీషు వినిపించే ఊరది. ఆచార్యులవారు తెలుగు, కన్నడ, సంస్కృత భాషలలో పండితులు. వృత్తిరీత్యా న్యాయవాది.

ఆ రోజులలో చదువుకున్న కుటుంబాలవారు ముఖానికి రంగు పూసుకోవడాన్ని చిన్నతనంగా భావించేవారు. వీధినాటకం పామరుల వినోదమని, పెద్దమనుషులకు తగదని లోకాభిప్రాయం. కక్షిదారుల నమ్మకమే జీవనాధారమైన న్యాయవాది రంగస్థలమెక్కడం సాహసమే. అయినను ఆయన 1886 ప్రాంతంలో బళ్ళారిలో సరసవినోదినీ సభను నెలకొల్పారు. ఉద్యోగులు, న్యాయవాదులు, విద్యావంతులు పగలు తమ పనులు చూసుకొని, తీరిక వేళల నాటకాలు అభ్యసించి ప్రదర్శించేవారు. స్త్రీ పాత్రలను సైతం పురుషులే ధరించేవారు.

చిత్రనళీయంతో ఆ సభకు ఖ్యాతి వచ్చింది. పాదుకా పట్టాభిషేకం, ప్రహ్లాద, మోహినీ రుక్మాంగద, ప్రమీలార్జునీయం మొదలైన నాటకాలను ఆచార్యులవారు స్వయంగా రచించారు. పద్యాలకు తోడు పాటలను విరివిగా చేర్చి సామాన్యులను సైతం ఆకట్టుకొన్నారు. రచనతో తృప్తి చెందక బాహుకుడు, దశరథుడు వంటి పాత్రలను ధరించి నటుడిగానూ పేరు గడించారు.

నాటకం మంగళాంతం కావలెనన్నది సంస్కృత సంప్రదాయం. ఆచార్యులవారు దానిని కాదని విషాద సారంగధరను దుఃఖాంతంగా మలిచారు. నిర్దోషియైన కుమారునికి తండ్రి రాజరాజనరేంద్రుడు విధించిన శిక్ష, తొందరపాటు తీర్పు ఎంతటి అనర్థం తెచ్చునో చూపే కథ అది. తెలుగులో తొలి విషాదాంత నాటకాలలో అది చెప్పుకోదగినది.

1891లో సరసవినోదినీ సభవారు మద్రాసు వెళ్ళి విక్టోరియా పబ్లిక్ హాలులో నాటకాలు ప్రదర్శించారు. ప్రేక్షకులలో పమ్మల్ సంబంధ ముదలియార్ అను తమిళ యువకుడొకడు ఉన్నాడు. అంతవరకు నాటకమన్న చులకన భావమున్న ఆ యువకుని మనస్సు, గౌరవనీయులైన విద్యావంతులు రంగస్థలంపై నిలవడం చూచి మారిపోయింది. అదే సంవత్సరం జూలైలో మిత్రులతో కలిసి ఆయన మద్రాసులో సుగుణ విలాస సభను స్థాపించారు. తరువాతి కాలంలో తొంభైకి పైగా నాటకాలు రచించి ఆధునిక తమిళ నాటకరంగానికి ఆద్యుడయ్యారు. ఒక భాషలో వెలిగించిన దీపం వేరొక భాషలో మరొక దీపాన్ని వెలిగించిందన్నమాట.

బళ్ళారిలోనూ ఆ కృషి ఫలించింది. మరో న్యాయవాది కోలాచలం శ్రీనివాసరావుగారు సుమనోరమ సభ ద్వారా చారిత్రక నాటకాలు ప్రదర్శించారు. ఆ రెండు సభల పోటీ వలన ఊరికి లాభమే కలిగింది. ఆచార్యులవారి సోదరుడు గోపాలాచార్యులవారు రామదాసు నాటకాన్ని రచించారు. మేనల్లుడు బళ్ళారి రాఘవ తెలుగు, కన్నడ, ఇంగ్లీషు నాటకాలలో నటించి దేశమంతటా కీర్తి పొందారు. కుటుంబ స్త్రీలు రంగస్థలానికి రావలెనని ప్రోత్సహించినవారాయనే. మామ తెరిచిన ద్వారాన్ని మేనల్లుడు మరింత విశాలం చేశారు.

1912లో రామకృష్ణమాచార్యులవారు పరమపదించారు. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. నేడది కర్ణాటకలోని నగరం. రాష్ట్రాల ఎల్లలు మారినను తెలుగు నాటక చరిత్రలో ఆ ఊరి స్థానం మారలేదు. రెండు భాషల నడుమ పెరుగుతున్న మన పిల్లలు అది తమకొక లోటని తలపవలసిన పని లేదు. తెలుగు నాటకానికి పెద్దదిక్కైన మహనీయుడు అటువంటి ఊరిలోనే జీవించాడు. బడి వార్షికోత్సవాలలో ఒక చిన్న తెలుగు నాటిక వేయించినా ఆయనకు అది తగిన నివాళి కాగలదు.