దారి చూపించి టైర్లు అమ్మినాయన

సేల్స్ ఉద్యోగం ఇంటర్వ్యూలో కూర్చున్నారనుకోండి. ఎదురుగా ఉన్నాయన ఓ చిక్కు లెక్క ఇచ్చాడు. దేశం మొత్తం మీద కార్లు 3 వేలు కూడా లేవు. మీ దగ్గరేమో టైర్ల ఫ్యాక్టరీ ఉంది. సరుకు ఎలా అమ్ముతారు? డిస్కౌంట్, హోర్డింగులు, డీలర్లకు కమీషన్... మన నోట మామూలుగా వచ్చే జవాబులివే. 1900లో ఫ్రాన్సులో అచ్చంగా ఇదే ఇరకాటంలో ఉన్న ఓ ఇంజినీరు వీటన్నిటినీ పక్కనపెట్టి, దాదాపు 400 పేజీల చిన్న పుస్తకం అచ్చేయించి ఊరికే పంచిపెట్టాడు. 35 వేల కాపీలు! దేశంలో ఉన్న కార్ల కన్నా పది రెట్లు పైనే.

ఆయన పేరు ఆంద్రే మిషెలిన్. మెకానికల్ వాళ్లకు ఈ పేరు టైరు మీద కనిపించి ఉంటుంది. హోటల్ మేనేజ్‌మెంట్ వాళ్లకు ‘మిషెలిన్ స్టార్’గా తెలిసి ఉంటుంది. రెండూ ఒకే ఇంటివని చాలామందికి తెలీదు. టైర్లు చేసేవాళ్లకు భోజనానికి మార్కులేసే పని ఎందుకు పడిందో తెలియాలంటే, ఆయన ఫ్యాక్టరీలోకి అడుగుపెట్టిన రోజుల నుంచి చూడాలి.

ఆంద్రే 1853 జనవరి 16న పారిస్‌లో పుట్టాడు. ఎకోల్ సెంట్రాల్ అనే పేరున్న కాలేజీలో ఇంజినీరింగ్ చదివాడు. కొంతకాలం ప్రభుత్వ హోంశాఖలో దేశపటాలు తయారుచేసే విభాగంలో పనిచేశాడు. తర్వాత పారిస్‌లోనే ఇనుప కట్టడాల వ్యాపారం పెట్టుకున్నాడు. పటాల దగ్గర చేసిన ఆ ఉద్యోగాన్ని కాస్త గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

మధ్య ఫ్రాన్సులో క్లెర్మాన్ ఫెరాన్ అనే ఊళ్లో వాళ్ల తాతగారి నాటి ఫ్యాక్టరీ ఒకటుండేది. వ్యవసాయ యంత్రాలు, రబ్బరు సామాను చేసేది. పెద్దవాళ్లు పోయాక అది అప్పుల్లోకి జారింది. 1886లో కుటుంబం ఆంద్రే వైపు చూసింది. అప్పటికి ఆయనకు 33 ఏళ్లు, సొంత వ్యాపారం నడుస్తోంది. పారిస్‌కీ క్లెర్మాన్‌కీ మధ్య తిరిగి తిరిగి, ఒక్కడి వల్ల కాదని తేలాక తమ్ముడు ఎదువార్‌ను పిలిచాడు. ఈ తమ్ముడు లా చదివి, దాన్ని వదిలేసి పారిస్‌లో బొమ్మలు వేయడం నేర్చుకుంటున్నాడు. రబ్బరు వాసన కూడా తెలియని మనిషి! అయినా వచ్చాడు. 1889లో కంపెనీ పేరు మిషెలిన్‌గా మారింది. అప్పుడున్న కార్మికులు 50 మందికి కాస్త అటూ ఇటూ. అమ్మకానికి ఉన్న గట్టి సరుకేమో గుర్రబ్బండ్లకు వాడే రబ్బరు బ్రేకు దిమ్మ. అది నిలబడకపోతే ఆ 50 ఇళ్లలో పొయ్యి వెలగదు.

మలుపు ఒక పంక్చర్ రూపంలో వచ్చింది. ఓ సైకిల్ మనిషి గాలి నింపే కొత్తరకం డన్‌లప్ టైరు చిరిగిందని రిపేరుకు తెచ్చాడు. ఆ రోజుల్లో టైరును చక్రానికి జిగురుతో అంటించేవాళ్లు. ఊడదీసి అతుకు వేయడానికే గంటలు పట్టింది, మళ్లీ అంటించి ఆరబెట్టడానికి రాత్రంతా పట్టింది. పొద్దున్నే ఎదువార్ ఎక్కి తొక్కితే కాసేపటికే మళ్లీ గాలి పోయింది. కానీ గాలి మీద నడిచే బండి సుఖమేంటో ఆ కాసేపట్లోనే ఆయనకు తెలిసిపోయింది. 1891లో చేత్తో ఊడదీసి పావుగంటలో బాగుచేసుకోగల టైరు తయారైంది. అదే ఏడాది పారిస్ నుంచి బ్రెస్ట్‌కు వెళ్లి వచ్చే సుమారు 1,200 కిలోమీటర్ల పందేన్ని షార్ల్ తెరోన్ ఆ టైర్లతోనే గెలిచాడు. మరుసటి ఏడు అన్నదమ్ములు తమ ఊరికి ఇంకో పందెం పెట్టి, దారిలో కావాలనే మేకులు చల్లించారు. పంక్చర్ పడినా ఎంత తొందరగా సరిచేసుకోవచ్చో జనం కళ్లారా చూడాలని! తెలివైన పనేగానీ, ఇప్పుడు చేస్తే మార్కెటింగ్ అవార్డు కాదు, పోలీసు కేసు వస్తుంది.

1895లో కార్లకూ ఇలాంటి టైర్లు చేశారు. పారిస్-బోర్డో పందెంలో వాటిని వేసుకోవడానికి ఒక్క కార్ల కంపెనీ కూడా ఒప్పుకోలేదు. దాంతో అన్నదమ్ములే ఓ కారు సిద్ధం చేసుకుని, తామే నడిపారు. దారి పొడుగునా ట్యూబులు మారుస్తూనే ఉన్నారు. గెలవలేదు. కానీ గాలి టైర్ల మీద కారు అంత దూరం వెళ్లొచ్చింది. నమ్మడానికి జనానికి ఆ మాత్రం చాలింది.

తమ్ముడు ఫ్యాక్టరీ చూసుకున్నాడు, అన్న బయటి ప్రపంచాన్ని చూసుకున్నాడు. టైర్ల దొంతరలా ఉండే ఆ లావుపాటి బొమ్మ మనిషి ‘బిబెండమ్’ 1898లో ఓ పోస్టర్ మీద పుట్టాడు. మొదట ఆ చిత్రకారుడు ఒక బీరు కంపెనీ కోసం, గ్లాసు ఎత్తిపట్టిన లావు మనిషిని గీశాడట. వాళ్లు వద్దన్నారు. ఆంద్రే అదే బొమ్మను తీసుకుని మనిషి స్థానంలో టైర్లను, బీరు స్థానంలో మేకులు, గాజుపెంకులను పెట్టించాడు.

సరే, అసలు సంగతికి వద్దాం. టైరు అరిగితేనే కొత్తది కొంటారు. అరగాలంటే కారు తిరగాలి. మరి కారున్నవాళ్లు ఎందుకు తిరగట్లేదు? భయం. పెట్రోలు ఎక్కడ దొరుకుతుందో తెలీదు, బంకులు లేవు, మందుల షాపులోనో కిరాణా కొట్లోనో డబ్బాల్లో కొనుక్కోవాలి. బండి ఆగిపోతే మెకానిక్ ఏ ఊళ్లో ఉన్నాడో తెలీదు. చీకటిపడితే ఎక్కడ పడుకోవాలో తెలీదు. ఆంద్రే పుస్తకం సరిగ్గా ఈ భయాల మీదే పనిచేసింది. ఊళ్ల పేర్లు అక్షరక్రమంలో, ఒక్కో ఊరి కింద చిన్న చిన్న గుర్తులతో పెట్రోలు, మెకానిక్, డాక్టరు, రైల్వేస్టేషన్, తంతి కార్యాలయం, హోటలు, దాని రేట్లు. కొన్ని పట్టణాలకు పటాలు కూడా. టైరు ఎలా మార్చుకోవాలో ముందుపేజీల్లో వివరంగా ఇచ్చారు. తప్పులుంటే రాసి పంపమని పాఠకుల్నే అడిగారు. అలా ప్రతి ప్రయాణికుడూ జీతం లేని సర్వేయరు అయిపోయాడు. ఈ పుస్తకం శతాబ్దంతో పాటు పుట్టింది, శతాబ్దం ఉన్నంతకాలం ఉంటుందని ముందుమాటలో ఆంద్రే జోస్యం చెప్పాడు. అప్పుడు నవ్వుకున్నవాళ్లు ఉండే ఉంటారు. ఆ గైడ్ ఇవాళ్టికీ వస్తోంది.

ఫ్రాన్సుతో ఆగలేదు. 1904లో బెల్జియం, 1910లో జర్మనీ, స్పెయిన్, 1911లో బ్రిటిష్ దీవులు. వీటికి ముందే 1909లో ఫ్రాన్సు గైడ్‌ను ఇంగ్లిష్‌లో కూడా వేశాడు. ఎందుకంటే సముద్రం అవతల లండన్‌లో డబ్బూ, కార్లూ, సెలవులూ ఉన్నవాళ్లున్నారు. వాళ్లు ఇంగ్లిష్ చానెల్ దాటి వస్తే ఫ్రాన్సు రోడ్ల మీద టైర్లు అరుగుతాయి.

ఆ దాటడం ఎంత తతంగమో ఒక్కసారి ఊహించుకోండి. 1912లో మీరు లండన్‌లో ఉన్నారు, సొంత కారులో ఫ్రాన్సు చూసి రావాలి. ముందు ఆటోమొబైల్ క్లబ్బులో సభ్యులై ఉండాలి. ఎందుకంటే కారును పరాయి దేశంలోకి తీసుకెళ్తే అమ్మేసి రారని గ్యారంటీ కావాలి, లేదంటే కస్టమ్స్ సుంకం కట్టాలి. క్లబ్బు పూచీ మీద ‘ట్రిప్టిక్’ అనే మూడు ముక్కల కాగితం ఇస్తారు. లోపలికి వెళ్లేటప్పుడు ఒక ముక్క, బయటికి వచ్చేటప్పుడు ఒక ముక్క చింపుకుంటారు. ఏ చెక్‌పోస్టులోనో ముద్ర వేయించుకోవడం మర్చిపోయారో, పూచీ డబ్బుకు నీళ్లొదులుకోవాల్సిందే. తర్వాత, 1909 పారిస్ ఒప్పందం ప్రకారం అంతర్జాతీయ సర్టిఫికెట్, కారు వెనక దేశం అక్షరాల పలక. (మన ఆర్టీఓ ఆఫీసులో ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ వంశవృక్షం తిరగేస్తే అక్కడికే వెళ్తుంది. విదేశానికి మన కారునే తీసుకెళ్లాలంటే ఇవాళ కావాల్సిన ‘కార్నె’ కూడా ఆ ట్రిప్టిక్ చుట్టమే.)

ఇక ఓడ. డోవర్, ఫోక్‌స్టన్, న్యూహేవెన్ రేవుల నుంచి కలే, బులోన్, దియెప్ రేవులకు స్టీమర్లు. అవి మనుషుల ఓడలు, కార్లవి కాదు. అందుకే ముందుగా చెప్పి చోటు ఖాయం చేసుకోవాలి. రేవులో ట్యాంకులోని పెట్రోలంతా తోడేస్తారు. కారుకు తాళ్లు కట్టి క్రేనుతో పైకెత్తి ఓడ మీద దించుతారు. మీ జీవితకాలపు పొదుపు గాల్లో ఊగుతుంటే మీరు కింద నిలబడి చూస్తుండాలి. అవతల ఒడ్డున మళ్లీ అదే. దిగాక ఖాళీ ట్యాంకుతో మొదట వెతుక్కోవాల్సింది పెట్రోలు, మొదట గుర్తుంచుకోవాల్సింది ఇక్కడ బండి కుడివైపు నడపాలని! కారును తిన్నగా ఓడలోకి తోలుకెళ్లే ర్యాంపులతో డోవర్‌లో కార్ల టెర్మినల్ వచ్చింది 1953లో. అంటే ఆంద్రే బతికున్నంతకాలం చానెల్ దాటే కారుకు క్రేను తిప్పలు చాలావరకు తప్పలేదు.

క్రేను ఆయన చేతిలో లేదు. దిగిన తర్వాతి దారి మాత్రం ఆయన చేతిలో ఉంది. 1908లోనే పారిస్‌లో ఓ టూరిస్టు ఆఫీసు తెరిచాడు. ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లాలో ఉత్తరం రాస్తే చాలు, ఏ ఊరి మీదుగా, ఎన్ని కిలోమీటర్లు, ఎక్కడ ఆగాలి అనే వివరాలతో మీకోసమే రాసిన దారిపట్టీ పోస్టులో వచ్చేది, అదీ ఉచితంగా. 1921లో అలాంటివి 19 వేలు పంపితే, 1925 నాటికి 1,55,000 అయ్యాయి. ఫోన్‌లో మ్యాప్ తెరిచి గమ్యం టైప్ చేస్తే వచ్చేది మనకిప్పుడు క్షణంలో పని. అప్పుడు దాని వెనక గదినిండా గుమస్తాలు.

1910 నుంచి రోడ్ల పటాలు అచ్చువేశారు. ఫ్రాన్సు మొత్తం 47 భాగాలుగా, ఒక సెంటీమీటరుకు రెండు కిలోమీటర్ల చొప్పున. హోంశాఖలో చేసిన పాత ఉద్యోగం ఇక్కడ అక్కరకొచ్చింది. అయితే ఓ చిక్కు. పటంలో రోడ్డుకు నంబరు వేయొచ్చు, కానీ రోడ్డు మీద నంబరు ఉండాలిగా? నాలుగు రోడ్ల కూడలిలో ఏది ఏదో తెలిసేదెలా? 1912లో ఆంద్రే ఓ వినతిపత్రం తయారుచేసి, రోడ్లన్నిటికీ కంటికి కనిపించేలా నంబర్లు వేయాలని 2 లక్షల సంతకాలు సేకరించాడు. అందులో దేశాధ్యక్షుడు ఫాలియేర్ సంతకం కూడా ఉంది! మరుసటి ఏడాది ప్రభుత్వం ఒప్పుకుంది. తర్వాత కంపెనీయే తమ ప్రాంతపు లావారాయి మీద ఎనామిల్ పూసిన దిక్సూచి రాళ్లు చేసి నిలబెట్టింది. తన సరుకు అమ్ముడవడానికి దేశం రోడ్ల వ్యవస్థనే సర్దుబాటు చేయించిన కంపెనీ ఇది. సేవా, స్వార్థమా అని అడిగితే రెండూనూ. ఆ రెంటినీ విడదీసి చూపడం ఆయనకే కుదిరేది కాదేమో.

1914లో యుద్ధం వచ్చిపడింది. ఫ్యాక్టరీ విమానాలు చేసింది. యుద్ధం ఇంకా నడుస్తుండగానే 1917లో ఆంద్రే యుద్ధక్షేత్రాల గైడ్లు మొదలుపెట్టాడు. కూలిన ఊళ్ల పాత, కొత్త ఫొటోలు పక్కపక్కన, ఏ దారిన వెళ్తే ఏ పోరు జరిగిన చోటు వస్తుందో వివరంగా. యుద్ధం ముగిశాక బ్రిటన్ నుంచి ఎన్నో కుటుంబాలు అవే స్టీమర్లెక్కి చానెల్ దాటాయి. ఈసారి విహారానికి కాదు, కొడుకో భర్తో ఎక్కడ పడిపోయాడో ఆ నేలను చూడటానికి. ఎండాకాలపు సరదా కోసం మొదలైన గుర్తుల భాష ఈ పనికీ వచ్చింది. ఇందులో వ్యాపారం లేదని అనలేం. కానీ దారి తెలియని తల్లికి ఆ పుస్తకం చేతిలో ఉండటం చిన్న సంగతేమీ కాదు.

అప్పటిదాకా ప్రధాన గైడ్ ఉచితమే. ఓసారి ఒక గ్యారేజీలో పనిబల్ల కదలకుండా కోడు కింద తన గైడ్లనే ఎత్తుగా పెట్టడం చూశాడని కంపెనీ చెప్పే కథ. డబ్బు పెట్టి కొనని వస్తువుకు విలువుండదనుకుని 1920లో 7 ఫ్రాంకుల ధర పెట్టాడు. హోటళ్ల ప్రకటనలు తీసేశాడు. నా లెక్కలో ధర పెట్టడం కన్నా ప్రకటనలు మానుకోవడమే పెద్ద నిర్ణయం, ఎందుకంటే డబ్బిచ్చే హోటలుకు నిజాయితీగా మార్కులు వేయలేం. 1926లో మంచి భోజనానికి నక్షత్రం గుర్తు వచ్చింది. 1931లో రెండు, మూడు నక్షత్రాలు చేరాయి. మూడు నక్షత్రాలంటే ఆ భోజనం కోసమే పనిగట్టుకుని ప్రయాణం కట్టవచ్చని అర్థం. చూశారా, మళ్లీ టైరు దగ్గరికే వచ్చింది!

ఆ 1931లోనే ఏప్రిల్ 4న ఆంద్రే పారిస్‌లో కన్నుమూశాడు. 78 ఏళ్లు. 50 మందితో మొదలైన ఫ్యాక్టరీ అప్పటికి వేలమందికి జీతాలిస్తోంది.

13 ఏళ్ల తర్వాత, 1944లో, చానెల్ దాటి మరో పెద్ద ప్రయాణానికి ఏర్పాట్లు జరిగాయి. నార్మండీ తీరంలో దిగబోయే మిత్రరాజ్యాల సేనలకు అవతల ఊళ్లలో వీధుల పటాలు కావాలి. ఆక్రమణలో ఉన్న ఫ్రాన్సులో దారిపలకలు ఉంటాయన్న నమ్మకం లేదు. అందుకని ఆంద్రే మొదలుపెట్టిన గైడ్‌నే, 1939 నాటి కూర్పును, వాషింగ్టన్‌లో తిరిగి అచ్చేసి ఆఫీసర్లకు పంచారు. అందులో హోటళ్ల నక్షత్రాలు కూడా అలాగే ఉన్నాయి.