దేశపు అప్పును లెక్కగట్టిన కాపరి

యేసు ప్రభువు పుట్టిన నాడు ఎవరైనా ఒక్క పెన్నీని 5 శాతం చక్రవడ్డీకి వేసి ఉంటే 1772 నాటికి అది ఎంత అయి ఉండేది? లండన్ పొలిమేరల్లో ఒక చిన్న సంఘానికి కాపరిగా ఉన్నాయన ఈ లెక్క కట్టి అచ్చు వేయించారు. భూగోళమంత బంగారు ముద్దలు 15 కోట్లు పోగేసినా ఆ మొత్తానికి చాలవని తేల్చారు. అదే పెన్నీని మామూలు వడ్డీకి వేస్తే చేతికొచ్చేది 7 షిల్లింగుల నాలుగున్నర పెన్నీలేనట.

ఆ కాపరి పేరు రిచర్డ్ ప్రైస్. సరదాకు వేసిన లెక్క కాదది. బ్రిటన్ నెత్తిన కొండలా పెరుగుతున్న అప్పును తీర్చే దారి చక్రవడ్డీలో ఉందని ఆయన గట్టిగా నమ్మారు. చివరికి దేశ ప్రధానమంత్రే ఆయనకు ఉత్తరం రాసి సలహా అడిగారు. పన్నులు, అప్పులు, బడ్జెట్లు సేవకుల పని కాదనుకునే మనకు ఈ జీవితం కొంచెం వింతగానే కనిపిస్తుంది.

ప్రైస్ 1723 ఫిబ్రవరి 23న వేల్స్ దేశంలో, లాంగినార్ గ్రామం దగ్గర టింటన్ అనే ఇంట్లో పుట్టారు. తండ్రి రీస్ ప్రైస్ కూడా కాపరే, కాల్విన్ బోధను అంగుళం కూడా సడలించని మనిషి. కొడుకు శామ్యూల్ క్లార్క్ అనే పండితుడి పుస్తకం చదువుతుంటే చూసి, దాన్ని లాక్కొని మంటలో పడేశారు. తల్లిదండ్రులు ఇద్దరూ కొద్దికాలం తేడాతో కన్నుమూశాక ఆ కుర్రవాడు లండన్ చేరారు. అక్కడ తండ్రి తోబుట్టువు శామ్యూల్ ప్రైస్ కాపరిగా ఉండేవారు. గీతకర్తగా మన సంఘాలకు పరిచయమైన ఐజక్ వాట్స్ గారికి ఆయన సహ సేవకులు.

ఆ కుటుంబమంతా డిసెంటర్లు, అంటే చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌లో చేరనివారు. అలాంటివారికి ఆ రోజుల్లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ పట్టాలు అందేవి కావు, చట్టప్రకారం ప్రభుత్వ పదవులూ దక్కేవి కావు. ప్రైస్ వారి సొంత విద్యాలయంలోనే చదివారు. 1757లో సారా బ్లండెల్‌ను పెళ్లి చేసుకున్నారు, మరుసటి ఏడాది న్యూయింగ్టన్ గ్రీన్ సంఘానికి కాపరి అయ్యారు. వారికి పిల్లలు లేరు. క్రీస్తు దైవత్వం విషయంలో ఆయన ఏరియన్ భావాల వైపు మొగ్గారు. మన సంఘాలు నమ్మేది అది కాదు గనుక ఈ మాట దాచకుండా చెప్పడమే మంచిది.

గణితం ఆయనకు దేవుడిచ్చిన వరం. థామస్ బేయిస్ అనే మరో సేవకుడు 1761లో చనిపోతే, ఆయన కాగితాల్లో దొరికిన సంభావ్యత సిద్ధాంతాన్ని సరిచేసి రాయల్ సొసైటీకి పంపింది ప్రైసే. నేటి కంప్యూటర్ శాస్త్రం కూడా బేయిస్ పేరు తలుచుకుంటుంది. 1765లో ప్రైస్ ఆ సొసైటీలో సభ్యులయ్యారు.

ఆ కాలంలో లండన్‌లో విధవరాళ్ల పింఛను సంఘాలు పుట్టగొడుగుల్లా లేచాయి. ఏటా కొంత కడితే, కట్టినవాడు చనిపోయాక భార్యకు బతికినంతకాలం పింఛను ఇస్తామని వాటి వాగ్దానం. మొదటి ఏళ్లలో చనిపోయేవారు తక్కువ, పెట్టె నిండుగా ఉంటుంది, చేరేవారు ఇంకా చేరతారు. మన ఊళ్లలో చిట్టీలు వేసిన వారికి ఈ కథ విడమరచి చెప్పనక్కర్లేదు. ప్రైస్ ఏ వయసువారు ఎందరు ఎప్పుడు చనిపోతారో లెక్క తీసి, ఈ సంఘాల్లో చాలావాటికి ఇచ్చిన మాట నిలబెట్టుకునే శక్తి లేదని 1771లో ఒక పెద్ద పుస్తకమే రాశారు. భర్త కడుపు కట్టుకుని కట్టిన డబ్బు, సరిగ్గా భార్యకు అక్కరపడే నాటికి ఉండదు. ఈక్విటబుల్ అనే జీవిత బీమా సొసైటీ ఆయన సలహా తీసుకుంది. ఆయన మేనల్లుడు విలియం మోర్గన్ 1775లో దానికి గణకుడయ్యారు.

దేశపు అప్పును కూడా ఆయన ఈ కంటితోనే చూశారు. 1756లో ఏడేళ్ల యుద్ధం మొదలయ్యేటప్పుడు బ్రిటన్ అప్పు సుమారు 7.5 కోట్ల పౌండ్లు, 1763లో అది ముగిసేసరికి సుమారు 13 కోట్లు. వడ్డీ కట్టాలంటే పన్నులు వేయాలి. ఉప్పు, సబ్బు, కొవ్వొత్తి, తోలు, బీరు, ఇంటి కిటికీ, అన్నిటి మీదా సుంకమే. ఇవి పేదవాడు కూడా కొనక తప్పనివి. అయినా ఈ అప్పుతో ప్రమాదం లేదనేవారు ఆ రోజుల్లో చాలామందే ఉండేవారు. దేశం తనకు తానే బాకీ పడింది, కుడి చేయి ఎడమ చేతికి ఇవ్వాల్సినట్టు, వడ్డీ కడుతున్నంతకాలం అసలు ఎందుకు తీర్చాలి అని వారి వాదం. డేవిడ్ హ్యూమ్ లాంటివారు మాత్రం, అప్పును దేశం చంపకపోతే దేశాన్ని అప్పు చంపుతుందని భయపడ్డారు.

ప్రైస్ హ్యూమ్ పక్షాన నిలిచారు, పైగా మందు కూడా ఉందన్నారు. నిజానికి ఆ మందు పాతదే. 1717లోనే సింకింగ్ ఫండ్ అనే రుణ విమోచన నిధి పెట్టారు. ప్రభుత్వానికి మిగిలిన డబ్బుతో అప్పు పత్రాలను తిరిగి కొనాలి. కొన్న పత్రాల మీద వడ్డీ ఆపకుండా నిధికే జమ చేయాలి, దానితో మరిన్ని పత్రాలు కొనాలి. అలా చక్రవడ్డీ దేశం తరఫున పని చేస్తుంది. అయితే 1733లో వాల్‌పోల్ ఆ నిధిలోంచి 5 లక్షల పౌండ్లు తీసి ఖర్చుకు వాడారు, భూస్వాముల మీద పన్ను పెంచకుండా ఉండటానికి. ఆ తర్వాత చేయి పెట్టడం అలవాటైపోయింది. 1772లో ప్రైస్ ప్రజలకు రాసిన విన్నపంలో ఎక్కువ మండిపడింది ఈ చేతివాటం మీదే. పక్కన పెట్టిన డబ్బును యుద్ధమొచ్చినా ముట్టకూడదని ఆయన పట్టు.

1775లో అమెరికా వలసల మీద యుద్ధం వచ్చింది. ప్రతినిధులు లేని ప్రజల మీద పన్ను వేసే హక్కు పార్లమెంటుకు లేదని ప్రైస్ పుస్తకం రాశారు. దాని చివర దేశపు అప్పు పట్టీ, రాబడి, ఖర్చుల పట్టీ జత చేశారు. ఇంత బాకీ ఉన్న ఇల్లు ఏ ధైర్యంతో మరో యుద్ధానికి దిగిందన్నది అందులోని ప్రశ్న. పుస్తకం వేల ప్రతులు అమ్ముడుపోయింది. లండన్ నగరం ఆయనకు బంగారు పెట్టెలో పౌర గౌరవం అందించింది. 1778లో అమెరికా కాంగ్రెస్, వచ్చి మా ఆర్థిక వ్యవహారాలు చక్కబెట్టమని పిలిచింది. ఆయన వెళ్లలేదు. వయసైపోతోందని మర్యాదగా కాదన్నారు, సంఘాన్ని చూసుకుంటూ ఉండిపోయారు.

ఆ యుద్ధం ముగిసేసరికి అప్పు 24 కోట్ల పౌండ్ల దగ్గరికి చేరింది, పన్నుల రాబడిలో సగానికి పైగా వడ్డీకే పోతోంది. యువ ప్రధాని విలియం పిట్ 1784లో టీ మీద 119 శాతం ఉన్న సుంకాన్ని 12.5 శాతానికి తగ్గించి, ఆ లోటుకు కిటికీల పన్ను పెంచారు. టోపీలకు, ఇటుకలకు, గుర్రాలకు కొత్త పన్నులు వేశారు. 1786లో ప్రైస్ సలహా కోరారు. పదవికి అర్హత లేని డిసెంటర్ కాపరి మూడు పథకాలు రాసి పంపారు. వాటిలో అన్నిటికన్నా బలహీనమైనదాన్నే పిట్ తీసుకుని మార్చారని మోర్గన్ తర్వాత ఆక్షేపించారు. ఏదైనా, ఏటా 10 లక్షల పౌండ్లు కమిషనర్ల చేతికిచ్చే చట్టం వచ్చింది. మంత్రులు ముట్టుకోకుండా కట్టడి చేసింది. ప్రైస్ 14 ఏళ్లుగా అడిగింది ఇదే. అదే ఏడు ఎంతోకాలంగా జబ్బుతో ఉన్న ఆయన భార్య కన్నుమూశారు.

ఆయన లెక్కలన్నీ నిలబడలేదు. కిటికీల పన్ను దస్తావేజుల్లోని ఇళ్ల సంఖ్య చూసి, ఇంగ్లండ్, వేల్స్ జనాభా తరిగిపోతోందని, 50 లక్షలు మించదని వాదించారు. 1801 జనగణనలో అది దాదాపు 90 లక్షలుగా తేలింది. నార్తాంప్టన్ పట్టణపు మరణాల పట్టికలో తప్పు మన సంఘాలకు మరీ ఆసక్తికరం. అక్కడ జననాలను బాప్తిస్మపు రిజిస్టర్లను బట్టి అంచనా కట్టారు. ఊళ్లో బాప్టిస్టులు ఎక్కువ, వారు పసిపిల్లలకు బాప్తిస్మమివ్వరు. దాంతో పుట్టినవారు తక్కువగా, చనిపోయేవారు ఎక్కువగా కనబడ్డారు. ఆ పట్టికతో బీమా సొసైటీలు లాభపడ్డాయి, జనం బతికే కాలాన్ని తక్కువగా అంచనా వేసి వార్షిక పింఛన్లు అమ్మిన ప్రభుత్వం నష్టపోయింది. ఆయన అంకెల మీద తనకు గురి లేదని ఆడమ్ స్మిత్ ఒక ఉత్తరంలో ముందే రాశారు.

నిధి విషయంలో పొరపాటు ఇంకా లోతైనది. ఫ్రాన్సుతో యుద్ధం వచ్చాక, 1793 నుంచి ప్రభుత్వం ఒక చేత్తో కొత్త అప్పు చేస్తూ, మరో చేత్తో నిధికి డబ్బు కడుతూ పోయింది. పన్నుల్లో ఖర్చు పోగా మిగులు లేనప్పుడు చక్రవడ్డీ ఎక్కడి నుంచి వస్తుంది? అప్పు చేసి అప్పు తీర్చడమే. అధిక వడ్డీకి తెచ్చిన అప్పైనా నిధికి మేలేనని ప్రైస్ రాయడం ఈ మాయకు ఊతమిచ్చింది. 1813లో రాబర్ట్ హామిల్టన్ ఈ గుట్టు విప్పారు, 1829లో పార్లమెంటు ఆ పద్ధతిని వదిలేసింది. అయినా మా తూకంలో, నిధిని ముట్టవద్దన్న ప్రైస్ కన్నా, మిగులు లేకుండానే దాన్ని నడిపిన మంత్రులదే పెద్ద బాధ్యత.

ప్రైస్ ఆ రోజులు చూడలేదు. 1789 నవంబరులో దేశభక్తి మీద ఆయన చేసిన ప్రసంగంలో ఫ్రెంచి విప్లవాన్ని మెచ్చుకున్నందుకు ఎడ్మండ్ బర్క్ ఒక పుస్తకమంతా ఆయన మీద విరుచుకుపడ్డారు. 1791 ఏప్రిల్ 19న ప్రైస్ కన్నుమూశారు. సంస్మరణ ప్రసంగం మిత్రుడు జోసెఫ్ ప్రీస్ట్లీ చేశారు. జాన్ బన్యన్, ఐజక్ వాట్స్, థామస్ బేయిస్ ఉన్న బన్‌హిల్ ఫీల్డ్స్ సమాధుల తోటలోనే ఆయన్నీ పాతిపెట్టారు.