రేవులో ఆగిన ఓడ

2020 మార్చిలో కాజీపేట జంక్షనులో ప్రయాణీకుల బండ్లు నిలిచిపోయినవి. ఆ యేటి ఈస్టరు ఆరాధన మనము ఇండ్లలోనే జరుపుకొన్నాము. విదేశముల నుండి వచ్చిన మన బిడ్డలు కన్నవారిని కూడ తాకక, పధ్నాలుగు రోజులు వేరుగా గడిపిరి. ఆ దినములలో మాకు పదేపదే జ్ఞాపకమునకు వచ్చినవారు గాంధీజీ. ఆయన సత్యాగ్రహములను గూర్చి ఎరుగనివారు లేరు గాని, క్వారంటైనులో గడిపిన క్రిస్మసును గూర్చి ఎరిగినవారు తక్కువ.

1896లో బొంబాయిలో ప్లేగు పుట్టినది. ఆ నవంబరు చివరను గాంధీజీ కస్తూరిబాయితోను, ఇద్దరు కుమారులతోను, మేనల్లునితోను కూర్లాండ్ అను ఓడ ఎక్కిరి. నాదరీ అను మరియొక ఓడయు బయలుదేరినది. డిసెంబరు 18న రెండును డర్బను రేవు చేరినవి. ఓడలలో రోగి ఒక్కడును లేడు. అయినను పసుపు జెండా ఎత్తించిరి. బొంబాయి విడిచినది మొదలు ఇరువదిమూడు దినములు కావలెనన్నారు. అవి నిండిన తరువాత ఆరోగ్యాధికారిని మార్చి, గడువు పొడిగించిరి. చాపలు, పరుపులు తగులబెట్టించి, గంధకపు పొగ వేయించిరి. కప్పుకొన బట్ట లేనివారికి డర్బనులోని భారతీయులే చందాలు వేసికొని దుప్పట్లు పంపిరి.

అంటురోగమునకు జాగ్రత్తపడుట తప్పని మేమనము. అయితే ఇక్కడ రోగము ఒక సాకు. భారతీయులు దిగరాదని తెల్లవారు పట్టణములో సభలు జరుపుచుండిరి. క్రిస్మసునాడు కప్తాను గాంధీజీ కుటుంబమును విందుకు పిలిచెను. ఆ గుంపు మీదపడినచో ఏమి చేయుదువని అడుగగా, వారిని క్షమించు ధైర్యము దేవుడిచ్చునని నమ్ముచున్నానని ఆయన చెప్పెను.

జనవరి 13న దిగినారు. గుంపు రాళ్లు, కుళ్లిన గ్రుడ్లు రువ్వి, తన్ని, స్పృహ తప్పునట్లు కొట్టిరి. ఆ దారిని వచ్చిన పోలీసు సూపరింటెండెంటు భార్య అలెగ్జాండరు దొరసాని గొడుగు విప్పి అడ్డు నిలువకున్న, చరిత్ర అక్కడే ముగిసెడిది. దోషులపై కేసు నడుపుమని లండను నుండి తంతి వచ్చినను గాంధీజీ సమ్మతింపలేదు. ఆ సంవత్సరమే నేటాలు ప్రభుత్వము క్వారంటైను చట్టమును, వలస నిరోధక చట్టమును చేసినది. ఇది పరాయి కథ కాదు. 1860 నుండి మద్రాసు రేవులో ఓడనెక్కి చెరకు తోటలకు పోయిన కూలీలలో మన తెలుగువారెందరో కలరు. వారి మధ్య సేవకై 1903లో నెల్లూరు సీమ తెలుగు బాప్టిస్టులు జాన్ రంగయ్యగారిని పంపిరి.

1904లో జోహాన్నెస్‌బర్గు కూలీపేటలో ఊపిరితిత్తుల ప్లేగు వచ్చినది. ఈమారు గాంధీజీ తానే ముందుపడి, ఖాళీగానున్న ఇంటిలో చేర్చబడిన ఇరువదిమూడుగురు రోగులకు పరిచర్య చేసిరి. పరిచర్యకు వచ్చిన నర్సమ్మయు ఆ రోగముతోనే కన్నుమూసినది. పేట చుట్టు కావలి పెట్టిరి. ఎవరును మీరరాదని గాంధీజీయే జనులకు నచ్చజెప్పిరి. ఆజ్ఞ ఒక్కటే, ఉద్దేశము వేరు. పేదలు నేలలో పాతిపెట్టుకొన్న డబ్బు త్రవ్వి తెచ్చి ఆయన చేతిలో పెట్టిరి. నాణెములను మందుతో శుద్ధి చేయించి బ్యాంకులో వేయించిరి. జనులు క్లిప్‌స్ప్రూట్ మైదానములోని గుడారములకు తరలిన పిమ్మట పేటను తగులబెట్టిరి.