గడియారాల నవాబు మూడవ సాలార్‌జంగ్

సిరిసంపదలు గలవారు లోకంలో ఎందరో పుట్టారు, ఎందరో గిట్టారు. వారు ముచ్చటపడి కూడబెట్టిన వస్తువులలో కొన్ని వారితోనే మరుగున పడ్డాయి. కొన్ని వారసుల పంపకాలలో చెల్లాచెదరై అంగళ్లకెక్కాయి. ఒక గృహస్థుడు తన ఇంటి అలంకారానికై తెచ్చుకొన్న సామగ్రి ఆయన అనంతరం జాతి సొత్తుగా నిలవడం అరుదైన విషయం. అట్టి భాగ్యం హైదరాబాదు నవాబు మూడవ సాలార్‌జంగ్ గారి సేకరణకు లభించింది.

మన మైలాపూరు నుండి హైదరాబాదు వెళ్లిన తెలుగు కుటుంబాలు సాలార్‌జంగ్ మ్యూజియం చూడనిదే తిరిగిరావు. ఏమి చూచి వచ్చారని పిల్లలను అడిగితే మొదట గడియారం సంగతే చెబుతారు. గంట గంటకూ బయటికి వచ్చి గంట కొట్టిపోయే గడ్డపు బొమ్మను చూడడానికి జనం గుమిగూడి నిరీక్షిస్తారు. అది ఇంగ్లండు భాగాలతో కలకత్తాలో కుక్ అండ్ కెల్వీ సంస్థవారు కూర్చిన గడియారం. దానిని చూచిన సంబరంలో, అదే మ్యూజియంలో నిశ్శబ్దంగా కొలువుదీరిన ఫ్రెంచి గడియారాల ముందు నిలిచేవారు తక్కువ. ఆ గడియారాలను, వాటిని ప్రేమించి తెచ్చుకొన్న మనిషిని ఈ ప్లాటినం జూబిలీ సంచికలో ఒకమారు స్మరించుకొనడం సముచితమని తలుస్తున్నాను.

దివానుల వంశం

మూడవ సాలార్‌జంగ్ గారి అసలు పేరు మీర్ యూసుఫ్ అలీఖాన్. 1889 జూన్‌లో పూనాలో జన్మించారు. పితామహులు మీర్ తురాబ్ అలీఖాన్, అనగా మొదటి సాలార్‌జంగ్, 1853 మొదలు 1883లో కన్నుమూసే వరకు నిజాం సంస్థానానికి దివానుగా ఉండి, చితికిపోయిన ఖజానాను, రెవెన్యూ వ్యవస్థను చక్కదిద్దిన దక్షుడు. కళాభిరుచి కూడ ఆయనతోనే ఆ ఇంట అడుగుపెట్టింది. బెంజోనీ అనే ఇటలీ శిల్పి మలచిన మేలిముసుగు రెబెక్కా పాలరాతి ప్రతిమను 1876లో రోము నగరంలో కొన్నవారు ఆయనే. తండ్రి మీర్ లాయక్ అలీఖాన్, రెండవ సాలార్‌జంగ్, తానూ కొంతకాలం దివానుగిరీ నెరపి, ఈ బిడ్డ పుట్టిన మరుసటి నెలలోనే చిన్న వయస్సున పరమపదించారు. తండ్రి ముఖమెరుగని పసివానికి వారసత్వంగా దక్కినవి మూడు: విశాలమైన జాగీరు, దివాన్ దేవిడి అనే పెద్ద మహలు, రెండు తరాల కీర్తి.

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1912లో ఈ యువకుని దివానుగా నియమించినపుడు ఆయన వయస్సు ఇరువదిమూడేండ్లు. తాత వలె ముప్పదేండ్లు ఏలుతాడని ఆశించినవారు ఉండి ఉండవచ్చు. కాని 1914లోనే ఆయన పదవిని విడిచిపెట్టారు. పిమ్మట అయిదేండ్లపాటు నిజాం దివాను లేకుండా తామే పాలన సాగించారు. ఇరువది అయిదేండ్ల ప్రాయంలో రాజకీయ జీవితం ముగిసిన మనిషికి మిగిలినది ధనం, దానికి మించి కాలం. ఆ రెంటినీ ఆయన జూదానికో, కక్షలకో ధారపోయలేదు. శేషజీవితమంతా అందమైన వస్తువుల అన్వేషణలో గడిపారు.

ఇంటికి వచ్చిన కాలం

నవాబుగారి ఆసక్తి ఒక్క గడియారాలకే పరిమితం కాదు. అరబ్బీ, పారశీ, ఉర్దూ వ్రాతప్రతులు, జేడు రాతి వస్తువులు, చైనా జపాను పింగాణీ, కత్తులు, కంబళ్లు, దంతపు పనితనం అన్నీ దివాన్ దేవిడికి చేరాయి. విదేశాలలోని ప్రతినిధులు పేరొందిన వర్తకుల జాబితాలను పంపేవారు. స్వదేశంలో అమ్మకందార్లు మూటలతో మహలు వాకిట నిలిచేవారు. కవులను, రచయితలను కూడ ఆయన ఆదరించారు.

గడియారాలలో ఫ్రాన్సు, ఇంగ్లండు, స్విట్జర్లాండు, జర్మనీ, హాలెండు దేశాలవి ఉన్నాయి. నిలువెత్తు గడియారాలు, పంజరంలో పక్షి ఉన్న గడియారాలు, లోపలి చక్రాలన్నీ బయటికి కనిపించే అస్థిపంజరపు గడియారాలు, భూతద్దంతో చూడవలసిన చిట్టి గడియారాలు వీటిలో చేరినవి. వీటి నడుమ ఫ్రెంచి గడియారానికి ఒక ప్రత్యేకత కలదు. ఇతరులకు గడియారం ముందుగా యంత్రం, ఆ తరువాత అలంకారం. ఫ్రెంచివారికి అది గదిలోని చిత్రపటంతో, కుర్చీతో, తెరతో జతకలిసే గృహాలంకారం.

హాలెండు శాస్త్రజ్ఞుడు హైగెన్స్ 1656లో లోలకాన్ని గడియారానికి జోడించిన తరువాతనే ఇంటి గడియారం నమ్మదగిన సమయం చెప్పసాగింది. ఆ యంత్రానికి ఫ్రెంచి కళాకారులు వేషం కట్టారు. పదునాలుగవ లూయీ కాలంలో బూల్ అనే దారుశిల్పి తాబేటి చిప్పను, ఇత్తడి రేకును నగిషీగా కోసి చెక్కపై పొదిగేవాడు. పదునైదవ లూయీ కాలంలో అంతా వంపులు, గవ్వలు, పూలతీగలు. పదునారవ లూయీ నాటికి రోమను స్తంభాలు, పూలకుండలు, తిన్నని గీతలు వచ్చాయి. నెపోలియన్ హయాములో గ్రీకు పురాణ పురుషులు, రథాలు, గరుడపక్షులు గడియారాన్ని అలంకరించాయి. ముఖపలకం మారకపోయినా, చుట్టూ ఉన్న బొమ్మలను చూచి అది ఏ రాజు కాలపు శైలియో చెప్పవచ్చు. విప్లవకాలంలో అయితే ముఖపలకమే మారింది. దినానికి పది గంటలు, గంటకు నూరు నిమిషాలని 1793లో శాసించి, జనానికి మింగుడుపడక 1795లో విరమించుకొన్నారు.

చలిదేశం కనుక ఇంట చలిమంట గూడు, దానిపై పాలరాతి పలక తప్పవు. ఆ పలక నడుమ గడియారం, దానికి ఇటునటు జోడుగా రెండు దీపస్తంభాలో పూలకుండలో ఉండేవి. మూడూ కలిసి ఒక సెట్టు. జోడు విడిపోతే సెట్టు విలువ పోయినట్లే. చలిమంట ఎరుగని మన దక్షిణదేశంలో అవి బల్లలపైకి చేరాయి.

మెరుపు వెనుక మనుషులు

ఈ గడియారాలపై తళతళలాడేది మేలిమి బంగారం కాదు, బంగారు మొలాము వేసిన కంచు. బంగారాన్ని పాదరసంలో కరిగించి, ఆ ముద్దను కంచు బొమ్మకు పూసి నిప్పులపై కాచేవారు. పాదరసం ఆవిరైపోయి బంగారం లోహాన్ని అంటుకొనేది. ఆ ఆవిరి విషం. దానిని నిత్యం పీల్చిన పనివారు చేతులు వణికి, ఆరోగ్యం చెడి, నిండు ఆయుష్షు లేక రాలిపోయారు. ముఖపలకంపై గడియారం కూర్చిన నిపుణుని పేరు సాధారణంగా ఉంటుంది. బొమ్మ పోతపోసినవాని పేరు, బంగారం పూసినవాని పేరు చాలవాటిపై కానరావు. వారి వృత్తులు వేరు, సంఘాలు వేరు.

అదే విధంగా నవాబుగారు చెల్లించిన సొమ్ము వెనుకను మనుషులున్నారు. ఆయన ఆదాయం జాగీరు గ్రామాల శిస్తు. పొలం దున్నిన రైతు కట్టిన రూకలే పారిస్ గడియారంగా మారి దివాన్ దేవిడికి చేరాయి. ఈ మాట నవాబుగారిని నిందించడానికి చెప్పడం లేదు. తోటి జాగీర్దారులు అదే శిస్తును దేనికి వెచ్చించారో అడిగితే చూపడానికి వస్తువు మిగిలినవారు ఎందరు? అయినను లెక్క లెక్కే. విషపుటావిరి పీల్చినవానికి, శిస్తు కట్టినవానికి ఈ అందంలో భాగం ఉండవలసిందే. ఆ భాగం వారి సంతతికి చేరునా అన్నది నవాబుగారి జీవితకాలంలో తేలలేదు.

వారసులు లేని ఇల్లు

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. 1949 మార్చి 2న నవాబుగారు తుదిశ్వాస విడిచారు. ఆయన బ్రహ్మచారి. కన్నబిడ్డలు లేరు. పదునారవ లూయీ మైసూరు టిప్పు సుల్తానుకు పంపినట్లు ప్రతీతిగల దంతపు కుర్చీలు ఆయన చివరిగా కొన్న వస్తువులని చెబుతారు. అదే సంవత్సరం ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. యజమాని లేడు, జాగీరు లేదు. మహలు నిండా నలుబదేండ్ల సేకరణ మాత్రం ఉంది. బంధువులు పంచుకొని ఉంటే గడియారం ఒక ఊరికి, దాని జోడు దీపాలు మరొక ఊరికి పోయేవి. ఒక తరం తిరిగేసరికి ఆ పేరే వినపడేది కాదు.

ఆ ప్రమాదం తప్పింది. అప్పటి పరిపాలనాధికారి వెల్లోడి గారి చొరవతో, కళావిమర్శకులు జేమ్స్ కజిన్స్ గారి పర్యవేక్షణలో వస్తువులను దివాన్ దేవిడిలోనే వరుస తీర్చారు. 1951 డిసెంబరు 16న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ గారు మ్యూజియంను ప్రారంభించారు. 1958లో నవాబుగారి బంధువులు హైకోర్టు సమక్షంలో రాజీకి వచ్చి సేకరణను ప్రభుత్వానికి ఒప్పగించారు. ఇది సామాన్య త్యాగం కాదు. 1961లో పార్లమెంటు చట్టం చేసి దానిని జాతీయ ప్రాముఖ్యంగల సంస్థగా ప్రకటించింది. 1968లో మూసీ నది దక్షిణపు ఒడ్డున కట్టిన నూతన భవనానికి వస్తువులు తరలివెళ్లాయి. శిస్తు కట్టిన రైతు మనుమడు నేడు టిక్కెట్టు కొని, ఆ గడియారం ముందు నవాబుతో సమానంగా నిలిచి చూస్తున్నాడు. పైన చెప్పిన లెక్క ఈ విధంగా కొంతవరకైనా తీరింది.

కీ ఇచ్చే చేతులు

చిత్రపటాన్ని గోడకు తగిలించి ఊరకుండవచ్చు. గడియారం అట్లు కాదు. ఫ్రెంచి గడియారాలలో పెక్కింటికి ఎనిమిది రోజులకో, పదునాలుగు రోజులకో కీ ఇవ్వాలి. బల్ల సమంగా లేకుంటే లోలకం నడక కుంటుపడుతుంది. పాత గడియారాలలో గంటల లెక్కకు వేరే చక్రం ఉంటుంది. గంట మ్రోగనీయక తొందరపడి ముల్లు త్రిప్పితే మూడు గంటలకు అయిదు కొడుతుంది. ఇత్తడి చెంబును తోమినట్లు చింతపండుతో తోమితే బంగారు పూత చెరిగి, రెండు వందల ఏండ్ల పనితనం ఒక్క పూటలో పోతుంది. మన సముద్రపుగాలికి ఉక్కు భాగాలు తుప్పు పట్టడం మరొక బాధ. మాడవీథుల ఇండ్లలో తాతలనాటి గోడగడియారం ఉన్నవారికి ఈ సంగతులు అనుభవమే. అట్టివారు పొడి మెత్తని గుడ్డతో దుమ్ము తుడిచి, తక్కిన పనిని తెలిసిన పనివానికి విడిచిపెట్టడం మేలు.

నవాబుగారు ఒక్క గడియారాన్ని కూడ తమ చేత తయారుచేయలేదు. ఎవరో చేసినదానిని గుర్తించి, తెచ్చి, చెడకుండ కాపాడారు. ఆయన తరువాత ఆ పని మ్యూజియం సిబ్బంది తరతరాలుగా చేస్తున్నారు. డెబ్బదియైదేండ్లు నడచిన పాఠశాల కథయు ఇంతే కదా! కట్టించిన దాతలు గతించినా, వేళకు గంట కొట్టినవారు, తాళాలు తీసినవారు, పాఠాలు చెప్పినవారు ఉన్నందుననే అది నేటికీ నడుస్తున్నది. మన బాలబాలికలు ఈసారి హైదరాబాదు వెళ్లినపుడు గడ్డపు బొమ్మ గంట కొట్టడం చూచి సంతోషించిన పిమ్మట, మరి నాలుగు అడుగులు వేసి ఆ ఫ్రెంచి గడియారాల ముందు కూడ నిలువవలసినదిగా కోరుతున్నాను. ముఖపలకంపై ఉన్న పేరు చదివి, పేరు లేని చేతులను కూడ ఒక్క క్షణం తలచుకొంటే, అదే నవాబు మీర్ యూసుఫ్ అలీఖాన్ గారికి మనమర్పించే తగిన నివాళి.