నాటకమాడించిన పంతులుగారు

శ్రీ కందుకూరి వీరేశలింగము పంతులుగారనగానే మన చందాదారులకు రాజశేఖర చరిత్రమును, వితంతు వివాహములును స్ఫురించును. ఆ మహనీయుడు శిష్యులకు వేషములు వేయించి తెలుగు నాటకము నాడించిన సంగతి పలువురెరుగరు. మన గ్రామమున నాటకములన్నచో నిద్రమానుకొను యువకులకు కొదువలేదు గావున ఆ కథయే ఇచట వ్రాయుచున్నాను.

పంతులుగారు 1848 ఏప్రిల్ 16వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. ఆ దినమే నేడు తెలుగు నాటకరంగ దినోత్సవముగా జరుపబడుచున్నది. నాలుగేండ్ల ప్రాయమున తండ్రి సుబ్బారాయుడుగారు గతింపగా, పెదతండ్రి వెంకటరత్నముగారి పోషణలో పెరిగిరి. చదువు ముగిసిన పిమ్మట ప్లీడరు పరీక్షకు పోదలచియు, ఆ వృత్తియందు అసత్యము తప్పదని యెంచి మానుకొని బడిపంతులైరి. చదువరులు ఈ చిన్న సంగతిని జ్ఞాపకముంచుకొందురుగాక. ముందు దీనితో పని గలదు.

1874లో వివేకవర్ధనిని, 1876లో హాస్యసంజీవనిని వెలువరించి, వానియందు ప్రహసనములు వ్రాయ మొదలిడిరి. ప్రహసనమనగా నవ్వు ప్రధానముగా గల చిన్న రూపకము. ఒకటి రెండంకములతో ముగియును. నేటి ఏకాంకికలకు ఇది పెద్దక్క. ముదుసలికి పసిపిల్లను కట్టబెట్టు దురాచారమును బ్రహ్మవివాహమునందు ఎండగట్టిరి. జనులు దానిని పెద్దయ్యగారి పెండ్లి యనిరి. వ్యవహార ధర్మబోధినికి ప్లీడరు నాటకమని పేరు వచ్చినది. తాము కాదని విడిచిన వృత్తిలోని మాయలనే అందు బయటపెట్టిరి.

భాష మాట ప్రత్యేకముగా చెప్పవలెను. చిన్నయసూరిగారు విడిచిన నీతిచంద్రిక భాగములలో సంధి విగ్రహములను గ్రాంథికమున వ్రాసిన ఆ చేయియే ప్రహసనములలో వాడుకమాటను దిద్దినది. సూరిగారి వచనమును వల్లించి పెరిగిన నాబోటివారు సైతము ఒప్పుకొనవలసినదే. కోర్టు బంట్రోతు ద్రుతసంధులు పాటించుచు పలికినచో సభలో నవ్వు పుట్టును గాని, అది పంతులుగారు కోరిన నవ్వు గాదు. అక్షరము రానివాడు చదువలేకున్నను వినగలడు గదా!

1880లో ధార్వాడ నాటక సమాజమువారు రాజమహేంద్రవరము వచ్చి పరభాషా నాటకములాడిరి. జనులు విరగబడి చూచిరి. వారు పోయిన వెనుక, వారు విడిచిన పాకలోనే పంతులుగారు తమ విద్యార్థులచే చమత్కార రత్నావళి నాడించిరి. ఇది షేక్స్పియరు మహాకవి హాస్యనాటకమునకు అనుసరణము. ఆ యేటనే వ్యవహార ధర్మబోధినియు రంగమెక్కెను. తెలుగున ప్రదర్శింపబడిన తొలి నాటకముగా దీనినే పేర్కొందురు.

అందలి సాహసమును గ్రామవాసులమైన మనము ఇట్టే గ్రహింపగలము. ఎన్నడో గతించిన రాజును వెక్కిరించిన అడుగువారుండరు. మన వీధి పెద్దమనిషి తలపాగా వంటిది పెట్టి పిల్లవానిని రంగముపైకి పంపినచో తెల్లవారి యేమగునో యెవరికి తెలియదు? రాజమహేంద్రవరము కోర్టులుగల పట్టణము. నాటకమున నవ్వులపాలైన వృత్తివారే పట్టణమున పలుకుబడి గలవారు. సంస్కరణమునకు తోడ్పాటు కావలసినను వారి గుమ్మములే తొక్కవలెను. అయినను పంతులుగారు వెనుదీయలేదు.

1881 డిసెంబరు 11వ తేదీన తొలి వితంతు వివాహము జరిపించిన పిమ్మటి చరిత్ర సుప్రసిద్ధము. 1919 ఫిబ్రవరిలో, గిడుగు రామమూర్తి పంతులుగారు తోడుగా, వాడుకభాషా ప్రచారమునకై ఏర్పడిన సమాజమునకు అధ్యక్షులైరి. ప్లీడరు నాటకము నాడించి అప్పటికి 39 ఏండ్లు. మే 27వ తేదీన చెన్నపురిలో దేహము చాలించిరి.