సంగ్రహణిని జయించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు

మన సంఘం ఆరోగ్య ప్రత్యేక సంచిక తెస్తున్నదనీ, కొవ్వు, కొలెస్టరాల్ గురించి ఒక వ్యాసం కావాలనీ కార్యదర్శి గారు అడిగారు. నేను డాక్టరును కాను. తాలూకా ఆఫీసులో ఫైళ్లు రాసి రిటైరైనవాణ్ణి. అందుచేత ఒక డాక్టరు గారి జీవితం రాయడమే నాకు తగిన పని అనుకున్నాను. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు గారు. మన గుంటూరు, ప్రకాశం జిల్లాల వారు కారు గాని, మన ఇళ్లలోని మందుల డబ్బాల్లో ఆయన కృషి ఏదో ఒక రూపంలో ఉంటూనే ఉంటుంది.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు మన రెవెన్యూ శాఖలోనే చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ గారు గట్టి మనిషి. కుర్రవాడు చదువు మానేసి కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుందామని ఇల్లు విడిచిపోతే, వెనక్కి రప్పించి మళ్లీ బడికి పంపింది ఆమే. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. మన మనుమలకు మార్కులు తగ్గాయని ఇల్లు అదరగొట్టే కొడుకులూ కోడళ్లూ ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుతుండగా గాంధీగారి పిలుపు విని ఖద్దరు గౌను వేసుకుని ఆపరేషన్ థియేటరుకు వెళ్లారు. అది సర్జరీ ప్రొఫెసరుకు నచ్చలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. రాలేదు, ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్ మాత్రం దక్కింది. ఆ కాగితంతో ప్రభుత్వ వైద్య శాఖలో ఉద్యోగం దొరక్క, మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు.

ఈలోపు ఇంట్లో పిడుగు పడింది. సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాలో ఒకే జబ్బుతో పోయారు. ఇంగ్లీషు వైద్యులు స్ప్రూ అంటారు, మనవాళ్లు సంగ్రహణి అనేవారు. తరువాత సుబ్బారావు గారికీ అదే జబ్బు పట్టుకుంటే డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో బయటపడ్డారు.

ఈ జబ్బు దగ్గర కాస్త ఆగాలి. ఎందుకంటే ఇది కొవ్వు జీర్ణానికి సంబంధించినదే. మనం అన్నంలో వేసుకున్న నెయ్యి, వేపుడులోని నూనె నీటిలో కలిసేవి కావు. కాలేయం పైత్యరసాన్ని తయారు చేసి పంపితే, సబ్బు జిడ్డును విడగొట్టినట్లు అది కొవ్వును చిన్న చిన్న బొట్లుగా విడగొడుతుంది. (ఆ పైత్యరసంలోని ముఖ్య పదార్థాలు కొలెస్టరాల్ నుంచే తయారవుతాయి. కొలెస్టరాల్ అనగానే శత్రువు పేరు విన్నట్టు ఉలిక్కిపడేవారికి ఈ మాట.) క్లోమరసం వచ్చి ఆ బొట్లను జీర్ణం చేస్తే, చిన్నపేగు లోపల మఖమలు గుడ్డకున్నట్లుండే సన్నని నూగు దానిని పీల్చుకుంటుంది. సంగ్రహణిలో ఈ నూగు అరిగిపోతుంది. తిన్న కొవ్వు తిన్నట్టే జిడ్డు విరేచనాలుగా పోతుంది. దానితోపాటు ఎ, డి, ఇ, కె విటమిన్లూ పోతాయి. నాలుక పుండవుతుంది, రక్తం పలచబడుతుంది, మనిషి ఎండిపోతాడు. మా పెదనాన్న 1944లో, నరసరావుపేట దగ్గర మా ఊళ్లో, మజ్జిగ తప్ప మరేమీ ఇమడక ఇలాగే పోయారని మా నాన్నగారు చెప్పేవారు. అప్పటికి ఈ జబ్బుకు మందన్నది లేదు.

ఆ మందు కోసమే అన్నట్టు సుబ్బారావు గారు అమెరికా ప్రయాణమయ్యారు. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు కొంత, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కొంత సాయం చేయగా, 1923 అక్టోబరులో బోస్టన్‌లో దిగారు. హార్వర్డులో చదువుకుంటూ పొట్ట గడవడానికి రాత్రిళ్లు ఆసుపత్రిలో కూలి పని చేశారు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు. భార్య శేషగిరి గారు మళ్లీ భర్తను చూడలేదు. ఆయనను ఎంత కీర్తించినా, ఆమె వైపు నుంచి కూడా ఒకసారి ఆలోచించడం న్యాయమని నాకనిపిస్తుంది.

హార్వర్డులో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుడితో కలిసి 1925లో రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. మందు కలిపితే నీలిరంగు తేలుతుంది. రంగు ఎంత ముదిరితే భాస్వరం అంత ఉన్నట్టు. చూడటానికి చిన్న విషయమే. కాని రక్తంలో కొవ్వును మోసే కణాల పైపొరలో భాస్వరం కలిసిన కొవ్వులుంటాయి. వాటిని లెక్కగట్టడానికి ప్రయోగశాలలు దశాబ్దాలపాటు ఈ పద్ధతినే వాడుకున్నాయి. మిర్చి యార్డులో కాయను టిక్కీలకు ఎత్తి లారీలకు వేసినట్లు, శరీరం కొలెస్టరాల్‌ను ఈ కణాల్లో కట్టి పంపుతుంది. ఎల్.డి.ఎల్. అనేది ఊళ్లోకి సరుకు తెచ్చే లారీ. అవి మితిమీరితే రక్తనాళాల గోడల్లో సరుకు దిగి పేరుకుంటుంది. హెచ్.డి.ఎల్. మిగులు సరుకును కాలేయానికి తిరుగు రవాణా చేస్తుంది.

ఫిస్కేతో కలిసే 1927లో ఫాస్ఫోక్రియేటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని వెలికి తీశారు. అదే ఏడు జర్మనీలో లోమాన్ అనే ఆయన కూడా ఏ.టి.పి.ని కనుగొన్నాడు. తిన్న కొవ్వు గాని, పిండి పదార్థం గాని ఒంట్లో మండితే వచ్చే శక్తి ఈ నాణెంగా మారితేనే ఖర్చుకు పనికొస్తుంది. మన గుండె తనకు కావలసిన ఇంధనంలో ఎక్కువ భాగం కొవ్వు నుంచే తీసుకుంటుంది.

1940లో హార్వర్డు విడిచి లెడర్లీ కంపెనీలో చేరి, పరిశోధనలకు అధిపతి అయ్యారు. ఇక్కడే అసలు కథ. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. సంగ్రహణి రోగులకు ఇస్తే నాలుక పుండు మానింది, రక్తం పట్టింది. మా పెదనాన్న పోయిన మరుసటి సంవత్సరమే అది! 1948లో అదే ప్రయోగశాల నుంచి ఆరియోమైసిన్ వెలువడింది. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అదే మొదటిది. ఇప్పటికీ ఉష్ణదేశాల సంగ్రహణికి వైద్యులు ఇచ్చేది ఫోలిక్ ఆమ్లమూ, టెట్రాసైక్లిన్‌ మందూను. తోబుట్టువులను పొట్టన పెట్టుకున్న జబ్బుకు రెండు మందులూ ఆయన ఏలుబడిలోనే పుట్టాయి. కీళ్లవాతానికి వారానికి ఒక్కసారి మెథోట్రెక్సేట్, తోడుగా ఫోలిక్ మాత్ర వేసుకునే సభ్యులు మనలో కొందరున్నారు. అవి రెండూ అక్కడివే. (వారానికి ఒక్కసారే సుమా, రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు.) బోదకాలుకు హెట్రజాన్ కూడా అక్కడిదే.

ఇంత చేసిన మనిషి 1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి పోయారు. వయస్సు 53. మనం పెన్షను తీసుకోవడం మొదలుపెట్టే వయస్సైనా కాదు. గుండెపోటు రాబోయేది ఎవరికో ముందుగా లెక్కగట్టే దారి ఆనాటి వైద్యులకు లేదు. ఆయన పదిహేడేళ్లు గడిపిన బోస్టన్‌కు 30 కిలోమీటర్ల దూరాన ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్లో సరిగ్గా ఆ సంవత్సరమే 5,209 మందిని నమోదు చేసుకుని, ఏళ్ల తరబడి పరీక్షించే పని మొదలైంది. కొలెస్టరాల్, రక్తపోటు ఎక్కువైతే గుండెజబ్బు ముప్పు పెరుగుతుందని 1961లో అక్కడి నుంచే వెల్లడైంది.

సుబ్బారావు గారు హార్వర్డులో పరిశోధించిన పదార్థాల్లో నికోటినిక్ ఆమ్లం ఒకటి. అది కొలెస్టరాల్‌ను తగ్గిస్తుందని 1955లో కెనడా వైద్యులు చూపారు. స్టాటిన్ మాత్రలు 1987లో బజారుకు వచ్చాక, దానిని వాటికి జోడించినందువల్ల అదనపు మేలు లేదని పెద్ద పరీక్షల్లో తేలి వాడకం తగ్గిపోయింది. పత్తి గింజల నూనె డబ్బా మీద కొలెస్టరాల్ లేదని ఉన్నది చూసి స్టాటిన్ మానేశానని మొన్న ఒక మిత్రుడు చెబితే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గింజల నూనె దేనిలోనూ కొలెస్టరాల్ ఉండదు. మన ఒంట్లోని కొలెస్టరాల్‌లో ఎక్కువ భాగం మన శరీరమే తయారు చేసుకుంటుంది. మాత్ర పనిచేసేది ఆ తయారీ మీద. మానాలో కొనసాగించాలో డాక్టరు గారు చెప్పాలి గాని డబ్బా కాదు.

1995లో శతజయంతికి తపాలా శాఖ సుబ్బారావు గారి బొమ్మతో బిళ్ల విడుదల చేసింది. అప్పట్లో నేను నాలుగు కొన్నాను. ఒకటి ఉత్తరానికి అంటించాను, మూడు ఇంకా బీరువాలో ఉన్నాయి.